గుంజకు తగ్గిన కామెర్లు

మొన్న మా మేనల్లుడు నా ఫోనుకి ఒక వార్త పంపాడు. నూలు దారాలకు ఏవో పూతలు పూసి బట్టలో కలిపి నేస్తే, ఆ దారాలే ఒంట్లో సంగతులు కనిపెట్టి చెబుతాయట. ఊపిరి ఎలా ఆడుతోంది, చెమటలో ఏముంది, కట్టు కింద గాయం మానుతోందా, చీము పడుతోందా, ఇలాంటివి. వార్త బాగానే ఉంది. దాని కింద వాడు సొంతంగా రాసిన నాలుగు ముక్కలే బాగాలేవు. "అత్తా, ఇది మన ఊళ్ళలో ఎప్పట్నుంచో ఉన్నదే కదా! కామెర్ల దండ ఇదే కదా! మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు. నువ్వే నమ్మవు" అని రాసి, చివర రెండు దణ్ణాల బొమ్మలు పెట్టాడు.

వాడు ఇంజనీరింగ్ చదివాడు. విశాఖపట్నంలో యంత్రాల మధ్య ఉద్యోగం చేస్తున్నాడు. ఒక మీటరు తప్పు చూపిస్తే దాన్ని విప్పి బాగుచేసేదాకా అన్నం తినడు. అలాంటివాడికి కూడా పూర్వీకులనేసరికి మీటర్లన్నీ ఆగిపోతాయి. కామెర్ల దండ గురించి నాకు పాఠం చెప్పే అర్హత ఈ భూమ్మీద ఎవరికైనా ఉందేమో తెలియదు కాని, వాడికి మాత్రం లేదు. తొంభైల్లో చోడవరంలో ఆ దండ మెడలో వేసుకున్న మనిషి వాళ్ళమ్మ. అప్పటికి వాడు ఆమె కడుపులో ఉన్నాడు.

వాళ్ళమ్మ నాకు ఆడపడుచు. గాజువాకలో కాపురం. ఏడో నెలలో పురిటికని పుట్టింటికి వచ్చింది. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, నేను. మామగారు అప్పటికే లేరు. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన బీయస్సీ చదివి, రైతులకు చెరకు తెగుళ్ళ గురించి సలహాలిచ్చే ఉద్యోగంలో ఉండేవారు. ఈ ఉద్యోగం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

వానలు వెనకబట్టే రోజుల్లో ఆడపడుచుకి తిండి సహించడం మానేసింది. ఒక ఉదయం ఆమె వసారాలో కూర్చుని జడ వేసుకుంటుంటే కళ్ళు చూశాను. తెల్లగుడ్డు నిమ్మపండు రంగులో ఉంది. ఆ పూటే బజారు వీధి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రక్తపరీక్ష చేయించి, కాగితం చూసి, మాట నాన్చకుండా చెప్పారు. "మామూలు మనిషికి కామెర్లు వస్తే చాలాసార్లు పథ్యంతో, విశ్రాంతితో తగ్గిపోతాయి. కడుపుతో ఉన్న మనిషికి వస్తే ఆట కాదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చూపించండి."

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. మా అత్తగారు పీటమీంచి లేవలేదు.

"కామెర్లకి ఇంగ్లీసు మందు నేదే కోడలా. నోకమంతటికీ తెల్సు. మీ డాక్టరుకి తెల్దేటి?"

"మందు లేకపోవచ్చు అత్తయ్యా. చూసుకునేవాళ్ళు ఉంటారు."

"సూసుకోడానికి నాను నేనేటి? దండ ఏయిస్తాను. ఈ ఊర్లో దండ ఏసుకుని సచ్చినోల్లు ఒక్కలున్నారేటి? సెప్పు, ఒక్కలు!"

నాకు నోరు ఆగదు. పెళ్ళికి ముందు నేను చర్చావేదికల మీద పెరిగిన దాన్ని. అనకాపల్లిలో మా నాన్నగారి స్నేహితులు ఒక చదువుగది నడిపేవారు. అక్కడ ఒక నియమం ఉండేది. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పగలిగిన తరవాతే ఖండించాలి. కనుక దండ వాదాన్ని ముందు న్యాయంగానే చెబుతాను.

రోలుగుంట వైపు నుంచి ఒక పెద్దాయన సైకిలు మీద వస్తాడు. తడిగుడ్డలో చుట్టిన పచ్చికాడల కట్ట తెస్తాడు. ఏ మొక్కో చెప్పడు. కాడల్ని కణుపంత ముక్కలుగా కోసి, తెల్లని నూలుతో ఒక్కొక్క ముక్కకీ రెండు చుట్లు బిగించి దండ కడతాడు. దండ కట్టినప్పుడు అది తలమీద కిరీటంలా మాత్రమే పడుతుంది, మెడలోకి దిగదు. రోగం దిగుతున్నకొద్దీ దండ పెరుగుతుంది. ముందు చెవులు దాటుతుంది, తరవాత మెడ, గుండె, బొడ్డు. పాదాలకు చేరేసరికి రోగి లేచి తిరుగుతాడు. దండ పెరగడం అందరూ కళ్ళారా చూస్తారు. రోగికి తగ్గడమూ కళ్ళారా చూస్తారు. ఇంకేం కావాలి? దారం రోగాన్ని కొలుస్తోంది కదా!

వాదం అయింది. ఇక నా వంతు. పచ్చికాడ ఎండితే సన్నబడుతుంది. సన్నబడితే దాని చుట్టూ బిగించిన నూలు వదులవుతుంది. వదులైన నూలు పొడవులోకి వస్తుంది. అంతే. ఆ దండ కొలిచేది కాడలోని తడిని. మనిషి ఒంట్లో ఏమవుతోందో దానికి పట్టదు. పీనుగు మెడలో వేసినా దిగుతుంది.

ఈ మాట ఇంట్లో అన్నందుకు మూడు పూటలు నాతో ఎవరూ మాట్లాడలేదు.

దండ వేశారు. దాంతోపాటు పథ్యం మొదలైంది. ఉప్పు వద్దు, నూనె వద్దు, పసుపైతే అసలే వద్దు. పసుపు తింటే పచ్చదనం పెరుగుతుందట. పప్పు ఆగిపోయింది, పసుపురంగు చీర పెట్టెలోకి పోయింది, ఎవరో బంతిపూలు తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపారు. మెడలోని పసుపుతాడు మాత్రం కామెర్లను పెంచదట. ఆ తాడుకి మినహాయింపు ఎవరిచ్చారని అడిగాను. మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

అన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉంది. దండ మెడలో ఉన్నంతకాలం మనిషి ఏరు దాటకూడదు. దాటితే దిగిన రోగం ఏటి నీళ్ళలోంచి మళ్ళీ ఎక్కుతుంది. మా ఊరినుంచి విశాఖపట్నం వెళ్ళాలంటే దారిలో శారదా నది దాటాలి. అంటే దండ వేసిన క్షణంలోనే పెద్దాసుపత్రి తలుపు మూసుకుపోయింది. మనిషిని ఇంట్లో బంధించడానికి ఇంతకంటే సన్నని తాడు ఎవరైనా పేనారేమో నాకు తెలియదు.

రెండు రోజుల్లో దండ చెవులు దాటి మెడలోకి వచ్చింది. వీధివీధంతా చూడ్డానికి వచ్చారు. మా అత్తగారు పెళ్ళికూతురి నగలు చూపించినట్టు చూపించేవారు.

"మెడ దిగింది సూడండి. నిన్న పొద్దుట ఇక్కడుంది."

"ఓలమ్మో, ఎంత బేగి దిగిందో!"

"ఆయన సెయ్యి మంచిది. మా సెల్లికీ ఆయనే ఏసేడు."

వచ్చినవాళ్ళందరూ దండనే చూశారు. దాని పైన ఉన్న కళ్ళ రంగు ఒక్కరూ చూడలేదు. నేను రోజూ బడికి వెళ్ళేముందు, వచ్చాక ఆమె కళ్ళు చూసేదాన్ని. నిమ్మపండు రంగు పోయి మాగిన మామిడిపండు రంగు వచ్చింది. దండ కిందికి దిగుతోంది, రోగం పైకెక్కుతోంది.

అప్పుడు మా బడిలో ఒక పని చేశాను. బడి వెనక పెరిగిన గలిజేరు కాడలు తెచ్చి, పెద్దాయన బిగించినట్టే రెండేసి చుట్లు బిగించి, దండ కట్టాను. ఎనిమిదో తరగతి గదిలో ఉన్న భూగోళం బొమ్మకి ఉత్తరధ్రువం మీద కిరీటంలా పెట్టాను. మర్నాటికి అది ఐరోపా దాటింది. ఆ మర్నాటికి భూమధ్యరేఖ మీద వేలాడింది. ఇంకో రోజుకి జారి కింద స్టాండు మీద పడింది. పిల్లలు గోలగోల.

"టీచర్, భూగోళానికి కామెర్లు తగ్గిపోయేయండి!"

"ఒరే, పథ్యం సేయించేవేట్రా దానికి?"

"సముద్రాల్లో ఉప్పుంది గదరా, ఎలగ తగ్గింది!"

ఎనిమిదో తరగతికి అర్థమైంది. ఆ భూగోళాన్ని, దండని రిక్షాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. వసారాలో మా ఆయన ఎదుట, మా అత్తగారి ఎదుట పెట్టి, జరిగింది చెప్పాను. మా అత్తగారు భూగోళాన్ని ఒకసారి తిప్పి చూశారు.

"భూమికి రోగాల్నేవని నీకెవలు సెప్పేరు?" అన్నారు.

దీనికి నా చదువుగదిలో జవాబు నేర్పలేదు. మా ఆయన వైపు తిరిగాను.

"అమ్మ నమ్మకాన్ని ఎందుకు కించపరుస్తావు? మెడలో ఉంటే పోయేదేముంది?" అన్నారాయన.

బుచ్చయ్యపేట రైతు ఒకడు చెరకు ఆకు కాస్త పసుపుబారిందని పట్టుకొస్తే, "పైపైన చూసి చెప్పేది కాదు, గడ చీల్చి లోపల చూడాలి, పరీక్షకి పంపాలి, ఆలస్యం చేస్తే తోటంతా పోతుంది" అని మా వసారాలోనే కేకలేసిన మనిషి ఈయన. చెరకు పసుపుబారితే పరీక్ష, చెల్లెలు పసుపుబారితే దండ. చదువు కొందరికి ఆఫీసు చొక్కాలాంటిది. ఇంటికి రాగానే విప్పి కొక్కేనికి తగిలిస్తారు. 'పోయేదేముంది' అన్నంత చవకబారు మాట మన భాషలో ఇంకోటి లేదు. పోయేది ఎదురుగా కూర్చునే ఉంది. ఏడు నెలల కడుపుతో, చప్పిడి మజ్జిగన్నం ముందు పెట్టుకుని.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బడినుంచి పెందరాళే వచ్చాను. ఆడపడుచు అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో దువ్వెన. దువ్వుతున్నది జుట్టు కాదు, చీర కొంగు. నన్ను చూసి నవ్వింది.

"వదినా, బస్సెల్లిపోయిందేటి? నాను పరీచ్చకి ఎల్లాల."

ఆమె పదో తరగతి పరీక్ష రాసి ఏళ్ళయింది. లోపలికి పరిగెత్తాను. మా అత్తగారు బియ్యం ఏరుతున్నారు.

"అత్తయ్యా, మతి తప్పుతోంది. చూశారా?"

"నిద్దర మత్తే అది. రోగం దిగుతుంటే ఒల్లు తేలికై నిద్దరొస్తాది. బొడ్డు దాటింది సూడు దండ! ఇంకెంత, జానెడు."

మా ఆయనకి కబురు పెడితే ఆఫీసునుంచి వచ్చారు. చెల్లెల్ని చూశారు. రెండుసార్లు పేరుపెట్టి పిలిచి చూశారు. అయినా ఆయన నోటినుంచి వచ్చిన మాట ఏమిటంటే, "ఏరు దాటకూడదట కదా. ఇంకో రెండు రోజుల్లో పాదాలకి వచ్చేస్తుంది. అప్పుడు తీసుకెళ్దాం."

"రెండు రోజుల తరవాత ఎవరిని తీసుకెళ్తారు?" అని అడిగాను. గాజువాకలో ఉన్న ఆమె భర్తకి ఫోను చేద్దామని, టెలిఫోను బూత్‌కి వెళ్ళడానికి చెప్పులు వేసుకుంటున్నాను. అప్పుడే సైకిలు చప్పుడైంది. దండ వేసిన పెద్దాయన వచ్చాడు. దండ ఎంత దిగిందో చూసుకోవడానికి మధ్యమధ్యలో రావడం ఆయన అలవాటు.

వచ్చి, దండ చూడలేదు. చిత్రం, మా ఇంటికి వచ్చినవాళ్ళలో దండ చూడకుండా మనిషిని చూసినవాడు ఆయనొక్కడే. కంటి రెప్ప ఎత్తి చూశాడు. "సేతులు సాపు తల్లీ" అన్నాడు. ఆమె చాపింది. ముంజేతులు నిలవలేదు, పిట్ట రెక్కల్లా కిందికీ పైకీ కొట్టుకున్నాయి. పెద్దాయన ముఖం నేను చూశాను. అది భయం. ఆమె కోసమో తనకోసమో నాకు తెలియదు.

క్షణంలో గొంతు సవరించుకున్నాడు.

"పెద్దమ్మా, దండ పని అయిపోవచ్చింది. మిగిలిన కాస్తా మనిషి మీదే ఉండక్కర్నేదు. ఇంటి గుంజ మీదున్నా సాలు. గుంజ మీదున్నా గుంట మీదున్నా ఒకటే." మావైపు గుంట అంటే ఆడపిల్ల.

"అలగెప్పుడూ సెప్పనేదు గదా బాబూ?" అన్నారు మా అత్తగారు.

"కడుపుతో ఉన్నోల్లకి అదే పద్దతమ్మా. గుంజ ఏరు దాటదు గదా. గుంట దాటొచ్చు. పెద్దాసుపత్రికి తీసుకెల్లండి, బలానికి ఏదైనా సూదేస్తారు. బేగి ఎల్లండి. ఇప్పుడే ఎల్లండి."

ఆ మాట అంటూనే దండ తలమీంచి తీసి, వసారా గుంజకి పైన నాలుగు చుట్లు చుట్టి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఎక్కేటప్పుడు ఒకసారి కూడా వెనక్కి చూడలేదు.

నేను అన్ని రోజులు అరిచినా కదలని ఇల్లు ఆ ఒక్క అబద్ధానికి కదిలింది. అద్దె జీపు వచ్చింది, దుప్పట్లు వచ్చాయి, మా అత్తగారు ముందు సీట్లో కూర్చున్నారు. వేదిక మీద అయితే అక్కడికక్కడే లేచి ఆయన పద్ధతిని చీల్చి చెండాడేదాన్ని. జీపు వెనక ఆడపడుచు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను కాబట్టి ఒక్క మాట మాట్లాడలేదు. శారద వంతెన మీద మా అత్తగారు కళ్ళు మూసుకున్నారు. వంతెన దాటాక తెరిచి, వెనక్కి తిరిగి, కూతురు ఊపిరి తీస్తోందో లేదో చూశారు. ఇన్నాళ్ళలో ఆవిడ దండ వైపు కాకుండా కూతురి వైపు చూడడం అదే మొదలు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు చూసి, కళ్ళు చూసి, మా ఆయన్ని నిలదీసింది. "ఇన్నాళ్ళూ ఏం చేశారండీ?"

"ఇంటి దగ్గరే అబ్జర్వేషన్‌లో ఉంచామండి" అన్నారు బీయస్సీగారు.

ఆడపడుచుకి స్పృహ పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. సెలైన్లు ఎక్కించారు, రక్తం ఎక్కించారు, వేళకి ఏదో మందు తాగించి విరేచనాలు చేయించారు. ఆమె భర్త ఆసుపత్రి వరండాలోనే ఉండిపోయాడు. ఆ వార్డులో ఇలాగే వచ్చిన ఇద్దరు గర్భిణులను నేను చూశాను. వాళ్ళు ఇళ్ళకు వెళ్ళలేదు. మా మనిషి ఎందుకు బతికిందో డాక్టరమ్మనే అడిగాను. "చెప్పలేను. ఇంకొక్క రోజు ఆగి ఉంటే ఎందుకు పోయిందో మాత్రం చెప్పగలిగేదాన్ని" అంది. చదువుకున్న మనుషులు అలా మాట్లాడాలి. తెలిసింది తెలిసినంతే చెప్పాలి.

కళ్ళు తేటపడ్డాక, లోపల బిడ్డ కదులుతోందని రూఢి చేసుకున్నాక ఇంటికి తెచ్చాం. వసారాలోకి అడుగుపెట్టగానే మా అత్తగారు గుంజ దగ్గర ఆగిపోయారు. దండ గుంజ పొడవునా జారి నేలమీద చుట్టలా పడి ఉంది. కాడలు ఎండి పుల్లలైపోయాయి.

"సూసేవేటి!" ఆవిడ చెయ్యి గుంజ మీద ఉంది. "ఇక్కడ దండ పాదాలకొచ్చింది. అక్కడ గుంటకి తగ్గింది."

భూగోళం మీద దిగితే నాటకం, గుంజ మీద దిగితే మహిమ. రెండూ పచ్చికాడలే, అదే నూలు, అవే చుట్లు. మా ఆయన తల ఊపారు. ఆసుపత్రి వరండాలో పడుకున్న రోజులన్నీ ఆ తల ఊపడంలో ఎగిరిపోయాయి.

పెద్దాయనకి పంచెలచాపు పెట్టడానికి కబురు పంపారు. వచ్చాడు. మా అత్తగారు లోపలికి వెళ్ళిన సందు చూసి అడిగాను.

"నీ దండ వేసుకున్నవాళ్ళు ఎవరూ పోలేదంటారు, నిజమేనా?"

"నిజమే టీచరమ్మా."

"ఒక్కరు కూడా?"

ఆయన నవ్వాడు. సిగ్గుతో కాదు, పనితనం మెచ్చుకున్నప్పుడు నవ్వే నవ్వు. "పోయేవోడి మెడలో దండెందుకుంచుతానమ్మా? ముందే తీసెయ్యనేటి?"

అదండీ ఆయన శాస్త్రం. తగ్గేవాళ్ళ మెడలో దండ ఉంటుంది, పోయేవాళ్ళ మెడలోంచి తీసేస్తాడు. ఏ గుంజకో, ఏ చెట్టుకో తగిలిస్తాడు. ఆ తరవాత చావు ఆసుపత్రి ఖాతాలోకి, బతుకు దండ ఖాతాలోకి. ఇంత నికరమైన ఏర్పాటు చూసి నాకు ఆయనమీద కోపం కూడా సరిగ్గా రాలేదు. ఆయన అబద్ధం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయనకి తెలుసు. నా కోపమంతా చెరకు ఆకుని పరీక్షకి పంపేవాళ్ళ మీద.

ఇప్పుడు మా మేనల్లుడి వార్తకి వస్తాను. వాడు పంపిన వార్తలోని దారానికి, వాళ్ళమ్మ మెడలోని దారానికి ఒక్కటే పోలిక, రెండూ నూలువే. ఆ కొత్త దారానికి కరెంటు పారే పూత ఉంటుంది. ఛాతీ ఉబ్బితే దారం సాగుతుంది, సాగితే కరెంటు పారే తీరు మారుతుంది, ఆ మార్పుని యంత్రం చదువుతుంది. ఇంకో దారం దీపం వత్తి నూనె పీల్చినట్టు గాయంలోని నీరు పీలుస్తుంది, దానికి పూసిన మందు ఆ నీటిని బట్టి మారుతుంది. అయితే అసలు సంగతి పూతలో లేదు. ఆ దారం చేసినవాళ్ళు దాన్ని ముందు మంచి గాయం మీద, చెడ్డ గాయం మీద, అసలు గాయమే లేనిచోట పెట్టి చూడాలి. మూడుచోట్లా మూడు రకాలుగా చెబితేనే అది పరికరం. గాయం కుళ్ళుతుంటే కుళ్ళుతోందని చెప్పాలి. మన దండకి ఒకటే మాట వచ్చు. తగ్గుతోంది, తగ్గుతోంది, తగ్గుతోంది. మనిషి మెడలో, భూగోళం మీద, గుంజ మీద అదే మాట. చెడు కబురు చెప్పడం చేతకాని దాన్ని మా అత్తగారి వీధిలో దైవం అన్నారు, మా మేనల్లుడి ఫోనులో సెన్సార్ అంటున్నారు.

పురుడు చోడవరంలో కాదు, డాక్టరమ్మ దగ్గరే పోశారు. అది మాత్రం నేను పట్టుబట్టి సాధించాను. మా అత్తగారు అడ్డు చెప్పలేదు, దండ లేనప్పుడు ఏరు దాటొచ్చు కనక.

పురిటికి వెళ్ళేముందు ఒకరోజు ఆడపడుచు పెరట్లో చిక్కుడు పాదు దగ్గర నిలబడి, తీగ పైకి పాకడానికి ఆసరా లేదని దారం అడిగింది. నేను లోపలికి వెళ్ళి దారపుండ తెచ్చేలోగా, వసారాలోని గుంజ దగ్గర చుట్టగా పడి ఉన్న దండ తీసుకొచ్చింది. పుల్లలన్నీ విరిచి పారేసి, నూలు సాగదీసి పందిరికి కడుతోంది.

"అత్తయ్య చూస్తే ఊరుకోరు" అన్నాను.

"ఊరుకోక ఏటి సేస్తాది? నాకేటీ గుర్తునేదు వదినా. బస్సు కోసం సూసినట్టుంది, అంతే. నాకంటే ముందు ఆ గుంజ బాగుపడిపోయిందట గదా" అని పకపకా నవ్వింది. నవ్వుతుంటే కడుపు పట్టుకుంది. లోపలివాడు తన్నాడట.

ఆ ఏడు చిక్కుళ్ళు విరగకాశాయి. గాజువాక నుంచి పసివాణ్ణి తీసుకొచ్చినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ మా అత్తగారు గుప్పెడేసి కోసిచ్చి, పందిరికి కట్టిన నూలు చూపించి, కాపు ఎందుకు అంత బాగుందో వివరంగా చెప్పారు. నేను ఆ పాదుకి వేసిన పేడ ఎరువు సంగతి ఆవిడ ఎత్తనే లేదు.